పగటి పరిషత్తు

ఈ మధ్య అమలాపురంలో ఎవరో కుర్రాళ్ళు నాటికల పోటీలు పెట్టి, మా నాన్నగారి పేరు మీద ఒక బహుమతి ఇస్తున్నామని కబురు చేశారు. ఆయన కూతుర్ని కాబట్టి నన్నూ వేదిక మీదికి రమ్మన్నారు. ఆటో కట్టించుకుని వెళ్ళాను. చల్లటి హాలు, మెత్తటి కుర్చీలు, సగం ఖాళీ. భుజాల మీద శాలువా కప్పి, చేతికి మైకు ఇచ్చి, "మీ నాన్నగారి గురించి నాలుగు మాటలు చెప్పండమ్మా" అన్నారు. నిలబడితే మోకాళ్ళు లాగేస్తున్నాయి. అయినా పది నిమిషాలు మాట్లాడాను. ఆయన రాసిన నాటికలు, ఆయన పట్టుదల, పోటీలో గెలిచిన షీల్డు, అన్నీ చెప్పాను. చప్పట్లు కొట్టారు. ఇంటికొచ్చి కాళ్ళు వేడినీళ్ళలో పెట్టుకుని కూర్చున్నాక గుర్తొచ్చింది, ఆ పది నిమిషాల్లో అమ్మ మాట ఒక్కసారి కూడా ఎత్తలేదని.

మతిమరుపు వల్ల కాదు, అలవాటు వల్ల. మా ఇంట్లో ఆ సంగతి ఎవరూ ఎత్తేవారు కాదు. ఇప్పుడు ఎత్తడానికి, చూసినవాళ్ళలో నేను తప్ప ఎవరూ మిగల్లేదు. నాకూ ఓపిక తగ్గిపోతోంది. అందుకని రాసి పెడుతున్నాను.

మాది అమలాపురానికి నాలుగు మైళ్ళ దూరంలో కాలవ పక్క ఊరు. నాన్నగారు మిషను బడిలో మాస్టారు. ఆయన తల్లి, మా నాయనమ్మ, చేలల్లో వరి ఊడ్పులు ఊడ్చి, కలుపులు తీసి కొడుకుని ట్రైనింగు చదివించింది. అమ్మ ఎనిమిదో తరగతి దాకా చదివి పెళ్ళి చేసుకుని వచ్చింది. నాన్నగారికి బడి ఒక కన్నయితే నాటకం రెండో కన్ను. తెల్లారి ప్రార్థన అయిందంటే పెన్సిలు చెవి వెనక పెట్టుకుని అరుగు మీద కూర్చునేవారు.

అప్పట్లో అమలాపురంలో ఏటా వేసవిలో మూడు రాత్రులు నాటికల పరిషత్తు జరిగేది. పెద్ద ఊళ్ళ నుంచి నాటక సమాజాలు వచ్చేవి. వాళ్ళకి రంగు దీపాలు, వేలాడే మైకులు, మడతలు తిరిగే మఖమలు తెరలు. మా చుట్టుపక్కల పల్లెల వాళ్ళు దరఖాస్తు పెడితే, ఈసారికి వీలుపడలేదని కార్డు ముక్క వచ్చేది. అలా కార్డులు అందుకున్నవాళ్ళంతా, కొత్తపేట వైపు నుంచి ఒక పోస్టుమేను, రాజోలు వైపు నుంచి నలుగురు నేతగాళ్ళు, మా నాన్నగారు, ఇంకా ఎవరెవరో, ఒక ఏడాది కూడబలుక్కున్నారు. రాత్రి వాళ్ళదైతే పగలు మనది అనుకున్నారు. టౌను దాటాక కాలవ పక్కన ఒక షావుకారు గారి కొబ్బరి షెడ్డు ఉండేది. పరిషత్తు జరిగే ఆ మూడు రోజులూ పొద్దున్నుంచి పొద్దువాలే దాకా ఆ షెడ్డులో నాటికలు వేసుకోవడం మొదలుపెట్టారు. టిక్కెట్టు లేదు, బహుమతుల్లేవు, న్యాయనిర్ణేతల్లేరు. టౌను వాళ్ళు పగటివేషాలని నవ్వేవారు. మావాళ్ళు మటుకు దాన్ని పగటి పరిషత్తు అనే పిలుచుకునేవారు.

ఆ షెడ్డు వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. పైన అటక నిండా ఎండి కురిడీలు కావడానికి పెట్టిన కొబ్బరికాయలు, ఓ మూల ఎండు కొబ్బరి చిప్పలు, బయట కాలవలో పీచు కోసం నానబెట్టిన కొబ్బరి డొక్కల కుళ్ళు కంపు. వేసవిలో కాలవ కట్టేసేవారు కాబట్టి నీళ్ళు మడుగులుగా మిగిలి ఆ కంపు ఇంకా ఎక్కువుండేది. రేకుల కింద ఉడుకు. నాటకం మొదలైన కాసేపటికి మగవాళ్ళ మొహాల మీది రంగు కారి చొక్కా మీద పడేది. షావుకారు గారు రోజూ వచ్చి ముందు వరసలో పడక్కుర్చీ వేయించుకుని, తాంబూలం బుగ్గన పెట్టుకుని, రెండో రంగంలో నిద్రపోయేవారు. మిగతా రోజుల్లో ఆ షెడ్డులో డొక్కలు కొట్టి, పీచు తీసి, తాళ్ళు పేనే ఆడవాళ్ళు పాతిక ముప్ఫై మంది ఉండేవారు. ఆ మూడు రోజులూ వాళ్ళకి పని లేదు. అయినా వచ్చి డొక్కల గుట్టల మీద కూర్చునేవారు. పిల్లల్ని ఒళ్ళో వేసుకుని, చేతులు ఊరకే ఉంచలేక పీచు నలుపుతూనే చూసేవారు.

రిహార్సలు మా ఇంట్లో. బడి సెలవలివ్వగానే మొదలయ్యేది. సాయంత్రం నాలుగింటికి సైకిళ్ళ గంటలు వినపడగానే అమ్మ పొయ్యి రాజేసేది. ఒకరోజు ఉప్మా, ఒకరోజు ఇత్తడి గిన్నెలో అంచులు ఎర్రగా కాల్చిన దిబ్బరొట్టె, పక్కన బెల్లం పాకం. ఎవరెంత తిన్నా ఇంకో ముక్క పెట్టడానికి అమ్మ దగ్గర ఉండేది. అది ఎలా ఉండేదో నాకు ఇప్పటికీ తెలీదు. నేను టీ గ్లాసులు అందించాలి. అందిస్తూ మొహానికి రాసుకునే గులాబీ పౌడరు కాగితం పొట్లంలో కాస్త దొంగిలించి, పక్కింటి పిల్లతో కలిసి మా గేదె దూడకి బుగ్గలకీ నుదుటికీ రాశాను. దూడ తల్లి దగ్గరికి పోతే తల్లి దాన్ని దగ్గరికి రానివ్వలేదు. నాయనమ్మ దూడని కడిగి, తర్వాత నన్ను కూడా అదే నీళ్ళతో కడిగింది.

ప్రాంప్టింగ్ ఇవ్వడానికి మా ఊరి దర్జీ మావయ్య వచ్చేవాడు. సన్నటి మనిషి, గొంతు మటుకు గుడి గంట. తెర వెనక నుంచి గుసగుసగా మాట అందించబోతే ఆఖరి వరస దాకా వినపడేది. అందరూ నవ్వేవారు. ఆయన నొచ్చుకునేవాడు కాదు. "ఏం చెయ్యనండి, గొంతు కత్తిరిద్దామంటే దానికి కొలతలు లేవండి" అనేవాడు.

ఆ ఏడాది నాటిక ఇలా ఉండేది. ఒక గుమస్తాకి ఉద్యోగం పోతుంది. ఇంట్లో పొయ్యి వెలగదు. భార్య అతనికి తెలియకుండా తాళ్ళు పేనే పనికి వెళ్ళి ఇల్లు నడుపుతుంది. ఒకరోజు అతనికి తెలుస్తుంది. నా పరువు తీశావని చెంప మీద కొడతాడు. అంతలో స్నేహితుడొచ్చి ఆమె ఎందుకు వెళ్ళిందో చెబుతాడు. అప్పుడు ఆమె భర్త కాళ్ళ దగ్గర కూర్చుని, "నేను చేసింది తప్పేనండీ, నన్ను క్షమించండి" అంటుంది. అతను ఆమెని లేవనెత్తి పేదరికం మీదా, ఆడదాని ఓర్పు మీదా ఒక పెద్ద ఉపన్యాసం చెబుతాడు. తెర. భర్త వేషం నాన్నగారిది. ఆ ఉపన్యాసం ఆయనకి ప్రాణం. రెండు పేజీలు. పెరట్లో కొబ్బరి చెట్లకి చెప్పి చెప్పి నేర్చుకున్నారు.

భార్య వేషానికి రాజమండ్రి నుంచి ఒక నటిని మాట్లాడేవారు. ఆవిడ నాటకానికి రెండు రోజుల ముందు వచ్చేది. అందాకా రిహార్సల్లో ఆ మాటలు దర్జీ మావయ్య చదివేవాడు. ఒకరోజు అతను ఆఖరి మాట చదివితే వంటింటి గుమ్మంలో నుంచి అమ్మ అంది.

"ఏవండీ, తప్పు ఆవిడ చేసిందేంటండీ?"

నాన్నగారు కాగితంలోంచి తల ఎత్తలేదు. "కథ అలా నడవాలి."

"అన్నం పెట్టింది కదండీ ఆవిడ."

"జనం కంట నీళ్ళు పెట్టుకోవాలంటే ఆ మాట ఉండాలి. నీకు తెలీదు. టీ అయిందా?"

అమ్మ లోపలికి వెళ్ళిపోయింది. టీలో ఆ రోజు పంచదార వెయ్యడం మర్చిపోయింది. అందరూ అలాగే తాగేశారు.

ఆ ఏడాది నటి చెప్పిన రోజుకి రాలేదు. రేపు వస్తుంది, ఎల్లుండి వస్తుంది అని చూశారు. మా నాటిక రెండో రోజు మధ్యాహ్నం. ఆ రోజు పొద్దున్న నేనూ అమ్మా నాయనమ్మా పులిహోర క్యారేజీలు పట్టుకుని షెడ్డుకి వెళ్ళేసరికి నాన్నగారు డొక్కల గుట్ట మీద తల పట్టుకుని కూర్చుని ఉన్నారు. నటికి కామెర్లు, లేవలేకపోతోందని బస్సు కండక్టరు చేత కబురు వచ్చింది. అప్పటికే బయట జనం చేరుతున్నారు.

ఒకరు మానేద్దామన్నారు. ఒకరు దర్జీ చేత చీర కట్టిద్దామన్నారు. దర్జీ మావయ్య తల గోక్కుంటూ నాన్నగారి దగ్గరికి వచ్చాడు.

"మాస్టారూ, నేనో మాట చెప్తాను, కోప్పడకండి. అక్కగారికి మాటలన్నీ వచ్చండి."

"ఏ అక్కగారు?"

"మన అక్కగారేనండి. మొన్న నేను ఓ చోట తడబడితే వంటింట్లోంచి ఆవిడే అందించేరు."

నాన్నగారు అమ్మ వైపు చూశారు. ఆ చూపులో కోపం లేదు. అసలు ఎప్పుడూ చూడని మనిషిని చూసినట్టు చూశారు. "చర్చి సంఘంలో పెద్దలేమంటారు? మాస్టారి భార్య స్టేజీ ఎక్కిందంటే బడిలో ఏమంటారు?" అన్నారు.

నాయనమ్మ క్యారేజీ కింద పెట్టింది. "నేను పది మంది మగాళ్ళ ముందు చీర ఎగ్గట్టి ఊడ్పు ఊడ్చేను నాన్నా. అప్పుడు పోని పరువు ఇప్పుడు పోద్దా?" అంది.

అమ్మ అంది, "చీర మార్చుకోవాలాండీ, ఇది చాలా?"

ఆవిడ కట్టుకున్నది ఆకుపచ్చ నేత చీర. కొంగు దగ్గర చిన్న చిరుగు ఉంటే కుట్టింది. అది చాలన్నారు. మొహానికి రంగు వద్దంది. చెంబుతో నీళ్ళు తెప్పించుకుని మొహం కడుక్కుని, కొంగుతో తుడుచుకుని తెర వెనక్కి వెళ్ళింది. నేను పక్కనుంచి తొంగి చూస్తున్నాను. అమ్మ వంటింట్లో గిన్నెలు సర్దుకుంటున్నట్టే రంగస్థలం మీది బియ్యం డబ్బా, చాప, పీచు కుప్ప అటూ ఇటూ జరిపి తనకి అందేలా పెట్టుకుంది.

నాటిక నడిచింది. మొదట్లో అమ్మ గొంతు చిన్నగా ఉంటే వెనకనుంచి వినపడట్లేదన్నారు. తర్వాత వినపడింది. ఆవిడ ఏమీ నటించలేదు. బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి అడుగు తడిమి తీసే చోట, షెడ్డు నిండా ఉన్న ఆడవాళ్ళ చేతుల్లో పీచు నలపడం ఆగిపోయింది. నాన్నగారు చెంప మీద కొట్టే చోట దెబ్బ చప్పుడు కోసం తెర వెనకనుంచి దర్జీ మావయ్య చప్పట కొట్టాలి. ఆయన చూస్తూ ఉండిపోయి కొట్టలేదు. చప్పుడు లేకుండానే అమ్మ తల పక్కకి తిరిగింది. షావుకారు గారు ఆ రోజు నిద్రపోలేదు.

ఆఖరికి వచ్చింది. స్నేహితుడు వచ్చి నిజం చెప్పి వెళ్ళాడు. నాన్నగారు పశ్చాత్తాపంతో నుదురు పట్టుకుని నిలబడ్డారు. ఇప్పుడు అమ్మ కాళ్ళ దగ్గర కూర్చోవాలి. అమ్మ నిలబడే ఉంది.

తెర వెనకనుంచి దర్జీ మావయ్య అందించాడు. "నేను చేసింది తప్పేనండీ, నన్ను క్షమించండి." షెడ్డంతా వినపడింది. అమ్మ కదల్లేదు. ఆయన మళ్ళీ అందించాడు. నాన్నగారు నుదుటి మీది చెయ్యి తీసి అమ్మ వైపు చూశారు. ఆ మాట వస్తే గాని ఆయన ఉపన్యాసం మొదలుపెట్టడానికి లేదు. మూడోసారి మావయ్య అందించబోతుంటే, గుట్ట మీద కూర్చున్న ఒక ముసలామె, పీచు పనిలో వేళ్ళు వంకరపోయిన మనిషి, పక్కింటామెతో మాట్లాడినంత మామూలుగా అంది.

"అడక్కమ్మా. ఎందుకడగాలి?"

ఎవరూ నవ్వలేదు. అమ్మ ఆవిడ వైపు చూసింది. తర్వాత చాప మీద కూర్చుంది. పక్కనున్న పీచు దగ్గరికి లాక్కుని, రెండు పాయలు అరచేతుల మధ్య పెట్టి పురి పెట్టడం మొదలుపెట్టింది. తాడు కొంచెం కొంచెంగా ఒళ్ళోంచి కిందికి దిగుతోంది. నాన్నగారు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడ్డారు. ఎంతసేపు అలా ఉన్నారో నాకు తెలీదు. మావయ్య తెర లాగేశాడు.

చప్పట్లు వెంటనే రాలేదు. వచ్చాక చాలాసేపు ఆగలేదు.

రాత్రి పరిషత్తుకి న్యాయనిర్ణేతగా వచ్చిన ఒకాయన ఏమీ తోచక ఆ మధ్యాహ్నం అటు వచ్చి వెనక నిలబడి చూశాడట. తెర వెనక్కి వచ్చి నాన్నగారి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"మాస్టారూ, ఎన్నో నాటికలు చూసేను. మాట లేకుండా ముగించడం, అదీ తెర వెనకనుంచి క్షమాపణ మాట అందిస్తుండగా ముగించడం, ఎంత ధైర్యమండీ. ఆ ముగింపు మీరు రాసిందేనా?"

అమ్మ రెండు అడుగుల దూరంలో చేతులకంటిన పీచు దులుపుకుంటోంది. నేను ఆవిడ కొంగు పట్టుకుని ఉన్నాను.

"ఆయ్" అని తల ఊపారు నాన్నగారు.

ఇంటికి కాలవ గట్టు మీద నడిచి వచ్చాం. నాన్నగారు సైకిలు నడిపించుకుంటూ ముందు. నాయనమ్మ ఖాళీ క్యారేజీతో వెనక. చాలా దూరం వచ్చాక నాన్నగారు తల తిప్పకుండానే అడిగారు.

"మాట మర్చిపోయావా?"

"ఆయ్. మర్చిపోయేనండి" అంది అమ్మ.

నేను అమ్మ మొహంలోకి చూశాను. ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నోరు మూసుకోమని అర్థమైంది. మూసుకున్నాను.

సంఘ పెద్దలు అనుకున్నంత గొడవ చెయ్యలేదు. పెద్దాయన ఒకరు ఇంటికి వచ్చి, అవసరానికి చేసింది కాబట్టి ఈసారికి సరే, ఇంక వద్దని చెప్పి, కాఫీ తాగి వెళ్ళారు. అమ్మే కాఫీ ఇచ్చింది.

మరుసటి ఏడు నాన్నగారికి కార్డు కాదు, కవరు వచ్చింది. అదే నాటిక, అదే ముగింపుతో, రాత్రి పరిషత్తుకి ఎంపికైంది. ఈసారి నటి పది రోజుల ముందే వచ్చింది. మంచి మనిషి. వచ్చిన రోజే వంటింట్లోకి వచ్చి పీట లాక్కుని కూర్చుంది.

"అక్కగారూ, పోయినేడు మీరు చేసేరటగా. ఆ చివర ఎలా కూర్చున్నారో ఓసారి చూపించరూ?"

అమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచి చెయ్యి తుడుచుకుని చూపించింది. పీచు లేకపోతే అరటి నార తీసుకుంది. "జనం వైపు చూడకండి. ఆయన వైపు అసలు చూడకండి. కోపంగా కూడా ఉండకండి. చాలా పని మిగిలిపోయిందనుకోండి, అంతే" అంది. ఆవిడ రెండుసార్లు చేసింది. అమ్మ ఆవిడ భుజం సర్దింది. ఆవిడ కాసేపు అమ్మనే చూసి అంది, "ఇది మాస్టారు రాసింది కాదు కదండీ."

"పాలు పొంగుతున్నాయి, కాస్త జరగండి" అంది అమ్మ.

నాటికకి మొదటి బహుమతి వచ్చింది. అమ్మ చూడ్డానికి రాలేదు. తమ్ముడు నెలల పిల్లాడు. నాన్నగారు షీల్డు తెచ్చి బల్ల మీద పెడితే, ఊళ్ళో వాళ్ళు వచ్చి చూసి వెళ్ళేవారు. వచ్చినవాళ్ళకి అమ్మ కొబ్బరి లౌజు చేసి పెట్టింది. బడి తెరిచాక నేను నా తరగతిలో అందరికీ చెప్పాను, మాట లేకుండా ముగించడం మా నాన్నగారికి తప్ప ఎవరికీ రాదని. నన్నెవరూ చెప్పమనలేదు. అలా చెప్పుకుంటే నేను కూడా గొప్పగా ఉంటానని నాకే అనిపించింది.

మా నాన్నగారు చెడ్డవారు కారు. అది కూడా చెప్పాలి. ఆ తర్వాత నాలుగైదు ఏళ్ళు ఆయన ఏది రాసినా, కాగితాలు పట్టుకుని వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడేవారు. లోపలికి వచ్చేవారు కాదు. "ఇక్కడ ఆవిడ ఏమంటుంది?" అనేవారు. అమ్మ బియ్యం కడుగుతూనో, చేప తోముతూనో కాస్త ఆలోచించి చెప్పేది. "ఏమీ అనదండీ, దీపం పెట్టడానికి లేస్తుంది." ఆయన పెన్సిలుతో రాసుకుని వెళ్ళిపోయేవారు. ఆ నాటికల్లో ఆడవాళ్ళ మాటలు బాగుంటాయని అందరూ అనేవారు. మొన్న నేను మైకులో కూడా అన్నాను.

పగటి పరిషత్తు ఇంకొన్నాళ్ళు నడిచింది. నాన్నగారు రాత్రి వైపు వెళ్ళిపోయాక ఇటు రావడం తగ్గించారు. పోస్టుమేనుకి బదిలీ అయింది. షావుకారు గారు పోయాక కొడుకులు షెడ్డులో యంత్రాలు పెట్టారు, చేత్తో పీచు తీసేవాళ్ళ అవసరం లేకపోయింది. తర్వాత ఇళ్ళల్లో టీవీలొచ్చాయి. దర్జీ మావయ్య ఒక్కడే చాలా ఏళ్ళ దాకా వేసవి రాగానే మా ఇంటికి వచ్చి, "ఏం మాస్టారూ, ఈ ఏడు ఏమన్నా ఉందాండీ?" అని అడిగేవాడు. లేదంటే కాసేపు అరుగు మీద కూర్చుని లేచి వెళ్ళేవాడు.

నాన్నగారు పోయాక అమ్మ నా దగ్గర ఆరేళ్ళు ఉంది. నేను అప్పటికి టీచరు ఉద్యోగం నుంచి రిటైరయ్యాను. ఒక వేసవి సాయంత్రం కరెంటు లేదు, ఆవిడ మంచం పక్కన కూర్చుని కాళ్ళకి నూనె రాస్తున్నాను. ఎందుకో ధైర్యం వచ్చి అడిగాను.

"ఆ రోజు నాన్నగారు ఆయ్ అన్నప్పుడు నీకు కోపం రాలేదా అమ్మా?"

ఏ రోజు అని ఆవిడ అడగలేదు.

"వచ్చింది. ఇంటికొచ్చేసరికి గేదె అరుస్తోంది. పాలు పిండాలి. ఎన్నాళ్ళని పట్టుకు తిరుగుతాం?"

"పోనీ, మళ్ళీ వెయ్యాలనిపించలేదా?"

"అనిపించింది. అప్పుడు మీ తమ్ముడు కడుపులో పడ్డాడు. వాడు నడక నేర్చేసరికి మీ నాయనమ్మ మంచాన పడింది. నాలుగేళ్ళు. ఆవిడ వెళ్ళిపోయేక చూసుకుంటే, అనిపించడం మానేసింది."

కోపంగా అనలేదు, బాధగా కూడా అనలేదు. కూరలో ఉప్పు చాలిందని చెప్పినట్టు చెప్పి కళ్ళు మూసుకుంది. నిద్రపోయిందనుకుని నేను నూనె గిన్నె తీసుకుని లేవబోయాను.

"ఉండు. ఎక్కడికెళ్తావు, కాసేపు కూర్చో" అంది.

కూర్చున్నాను. చీకటి పడుతోంది. నూనె గిన్నె మళ్ళీ దగ్గరికి లాక్కున్నాను.